పాత డ్రమ్ కిట్‌ని బాగుచేసుకోవాలా, వేరే దారి చూసుకోవాలా: విశాఖలో ప్రాక్టీస్ చేసేవాళ్ళకి

విశాఖలో సెకండ్ హ్యాండ్ డ్రమ్ కిట్ దొరకడం పెద్ద కష్టం కాదు. చర్చికి కొత్త కిట్ వస్తే పాతది స్టోర్‌రూమ్‌కి పోతుంది. కాలేజీలో బ్యాండ్ పెట్టుకున్న కుర్రాళ్ళు చదువైపోయాక హైదరాబాదో బెంగళూరో వెళ్తూ ఎంతో కొంతకి ఇచ్చేస్తారు. నేవీలో ఉన్నవాళ్ళు బదిలీ వచ్చి సామాను తగ్గించుకునేటప్పుడు అమ్మేవాటిలో ఇదీ ఉంటుంది. ఫోన్‌లో ఫొటో చూస్తే ఎర్రగా మెరుస్తుంది, ధర కూడా ఊరిస్తుంది. తీరా వెళ్ళి చూస్తే స్టాండ్లకి తుప్పు, స్కిన్ల (కొట్టే పొరల) మీద టేపు ముక్కలు, హై-హ్యాట్ (కాలితో తొక్కితే ఒకదానికొకటి తగిలే జంట సింబల్స్) పెడల్ తొక్కితే పైకి రాదు. దీన్ని బాగుచేయించి వాయించుకోవచ్చా, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి ఎలక్ట్రానిక్ కిట్ (ప్యాడ్ల మీద కొడితే హెడ్‌ఫోన్స్‌లో వినిపించేది) కొనుక్కోవడం మేలా అన్న టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రాక్టీస్ కోసమే అయితే అయిదు డ్రమ్ములనీ (కాలితో వాయించే పెద్ద కిక్, అడుగున తీగలుండే స్నేర్, రెండు టామ్‌లు, నేల మీద నిలబడే ఫ్లోర్ టామ్) సమానంగా బాగుచేయడం దండగ. రోజూ కాలు పడేవి, చెయ్యి పడేవి, కూర్చునేది, వీటి మీద డబ్బు పెట్టాలి. టామ్‌లు అటకెక్కినా నష్టం లేదు. కానీ అంతకంటే ముందు చప్పుడు సంగతి తేలాలి. అది తేలకుండా కొన్న కిట్ నాలుగో రోజుకి బట్టలు ఆరేసుకునే స్టాండ్ అవుతుంది.

## ఏ లెక్కన ఎంచుకోవాలి

చప్పుడు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి పొద్దున్న ఆరు దాకా. మామూలు డ్రమ్ కిట్ దగ్గర కూర్చుంటే 100 డెసిబెల్స్ తేలిగ్గా దాటుతుంది. పైగా మనం సముద్రపు గాలి కోసం ఏడాదిలో సగం రోజులు కిటికీలు తెరిచే ఉంచుతాం. ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండేవాళ్ళకీ, పెందుర్తి వైపు చుట్టూ ఖాళీ స్థలం ఉన్న సొంతింటి వాళ్ళకీ ఒకే సలహా ఎలా పనికొస్తుంది?

చప్పుడు రెండు రకాలని కూడా గుర్తుంచుకోవాలి. ఒకటి గాలిలో వెళ్ళేది. రెండోది కిక్ పెడల్ తొక్కినప్పుడు నేల ద్వారా కింది ఇంటికి దిగే అదురు. చాలామంది మొదటిదాని గురించే ఆలోచిస్తారు, గొడవ మాత్రం రెండోదాని వల్ల వస్తుంది.

స్టిక్ లేచే తీరు. కొట్టిన స్టిక్ మళ్ళీ ఎలా పైకి లేస్తుందన్నదే చేతికి నేర్పేది. మామూలు ప్లాస్టిక్ స్కిన్, జల్లెడలాంటి మెష్ స్కిన్, రబ్బరు ప్యాడ్, మూడింటి మీదా ఇది వేరువేరుగా ఉంటుంది. మీరు చివరికి వాయించేది చర్చిలోనో స్టేజీ మీదో మామూలు కిట్ మీద అయితే ఈ తేడా పెద్దదే.

మొత్తం ఖర్చు. కిట్ ధరొక్కటే చూడకండి. నేను పెట్టుకున్న కొండగుర్తు ఏమిటంటే, కిట్ పదివేలకి వస్తే ఇంకో పదివేలు పక్కన ఉండాలి. అంత లేకపోతే ధర ఇంకా తగ్గించమని అడగాలి, లేదా ఇంకో కిట్ చూసుకోవాలి.

మీ ఓపిక. ఒక కిట్‌లో స్కిన్లని బిగించే రాడ్లే యాభై అరవై దాకా ఉంటాయి. అన్నీ ఊడదీసి, తుడిచి, నూనె వేసి, మళ్ళీ ఎక్కించడం కొందరికి సరదా, కొందరికి శిక్ష. మీరు ఏ రకమో మీకే తెలుసు.

తుప్పు. మిగతా ఊళ్ళవాళ్ళు రాసే సలహాల్లో దీనికి ఒక లైను ఉంటుంది. మనకి మాత్రం ఇది అసలు విషయం. ఉప్పు గాలి క్రోమ్ పూత కిందికి చేరిందంటే పైన ఎంత మెరిపించినా మళ్ళీ బయటికి వస్తుంది. బీచ్ రోడ్ దగ్గర బాల్కనీలో ఉన్న కిట్‌నీ, లోపలి గదిలో కప్పి ఉంచిన కిట్‌నీ పక్కపక్కన పెడితే వయసు ఒకటే అంటే నమ్మబుద్ధి కాదు.

## కొనే ముందు పావుగంట

కింద చెప్పే నాలుగు దారుల్లో దేనిలో వెళ్ళినా, ఎలక్ట్రానిక్ కిట్ కొనేవాళ్ళు తప్ప, ఈ పరీక్షలు అందరికీ అవసరం. ఒక టార్చి, ఒక టేపు, వీలైతే రాడ్లు తిప్పే డ్రమ్ కీ ఒకటి పట్టుకెళ్ళండి.

షెల్, అంటే డ్రమ్ గుండ్రటి డొల్ల, లోపలికి టార్చి వేసి చూడండి. చవక కిట్లలో షెల్ పొరలు పొరలుగా అతికించిన చెక్క. తడిసి ఆరిన దానిలో పొరలు ఉబ్బి విడిపోతాయి, వేలితో తడితే బోలుగా పలుకుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి ఎన్ని ఇళ్ళ కిటికీలు పగిలి వాన లోపలికి వచ్చిందో ఈ ఊరికి తెలుసు. అంత పాత కిట్ అయితే తడిసిందా అని నేరుగా అడిగేయండి. పొరలు విడిపోయిన షెల్‌ని వదిలేయడమే మంచిది. అది టామ్ అయితే ధర తగ్గించి తీసుకోవచ్చు, కిక్ అయితే లేచి వచ్చేయండి.

షెల్ గుండ్రంగా ఉందో లేదో టేపుతో మూడు నాలుగు చోట్ల అడ్డంగా కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే స్కిన్ సమంగా కూర్చోదు. అదే టేపుతో సైజులు కూడా రాసుకోండి. మామూలుగా కిక్ 22 అంగుళాలు, స్నేర్ 14, టామ్‌లు 12, 13, ఫ్లోర్ టామ్ 16 ఉంటాయి. పేరు లేని లోకల్ కిట్ అయితే కొలవకుండా స్కిన్లు ఆర్డర్ పెట్టొద్దు. కొలవాల్సింది షెల్‌ని, పైన ఉండే ఇనుప రింగుని కాదు.

రాడ్లు ఒక్కొక్కటీ కొంచెం వదులు చేసి చూడండి. ఒకటి రెండు తుప్పుకి పట్టేసి ఉంటే పరవాలేదు. సగం కదలకపోతే బేరం అక్కడే ఆపేయాలి. మరలు అరిగిన చోట కొత్తవి వేయాలంటే ఒక చిక్కుంది: చాలా డ్రమ్ములకి రాడ్ మర 12-24 అనే అంగుళాల కొలతలో ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆరు మిల్లీమీటర్ల బోల్టు చూడ్డానికి దాదాపు అంతే ఉంటుంది కానీ కొంచెం లావు. బలవంతంగా తిప్పితే లోపలి నట్టు పాడవుతుంది. రాడ్లు మ్యూజిక్ షాపులోనో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. సింబల్ స్టాండ్ పైన ఉండే రెక్కల నట్టు మాత్రం ఎక్కువగా ఎనిమిది మిల్లీమీటర్లదే, అది ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది.

పెడల్, హై-హ్యాట్ స్టాండ్ తొక్కి చూడండి. కిట్ మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసేవి ఇవే. స్ప్రింగు, చెయిన్, పట్టీ మార్చుకోవచ్చు. అడుగున పోత పోసిన భాగం పగిలితే మాత్రం వెల్డింగ్ నమ్మకంగా నిలవదు.

సింబల్స్‌కి అంచు నుంచి లోపలికి చిన్న పగులు ఉందా, మధ్య రంధ్రం ఒకవైపు అరిగి సాగిందా చూడండి. ఉన్నాసరే పెద్దగా బాధపడక్కర్లేదు, ఎందుకంటే చవక కిట్‌తో వచ్చే ఇత్తడి సింబల్స్‌ని ఎలాగూ లెక్కలోకి తీసుకోకూడదు. పళ్ళెం మీద గరిటెతో కొట్టినట్టు మోగుతాయి. వాటికి సున్నా ధర కట్టి బేరం మొదలెట్టండి.

## మొదటి దారి: మామూలుగా బాగుచేసి, మామూలుగానే వాయించడం

సొంతిల్లు ఉండి, చుట్టుపక్కలవాళ్ళతో మాట కలిసి, పగటిపూట వాయించుకోగలిగితే ఇదే అన్నిటికంటే మంచిది. గాజువాక, పెందుర్తి, మధురవాడ దాటాక ఉన్న లేఅవుట్లు, అలాంటి చోట్ల ఉన్నవాళ్ళకి ఇది కుదురుతుంది.

డబ్బు ఈ వరసలో ఖర్చు పెట్టండి. ముందు స్టూల్. ఊగే స్టూల్ మీద కూర్చుని కాలి పని నేర్చుకోవడం కుదరదు, నడుము కూడా పాడవుతుంది. తొడలు మోకాళ్ళ వైపు కొద్దిగా కిందికి వాలేంత ఎత్తుంటే సరి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు. తర్వాత కిక్ పెడల్. పాతది బాగుపడకపోతే ఒక్క పెడల్ కొత్తది కొనుక్కున్నా డబ్బు వృథా కాదు, రేపు ఏ కిట్‌కి మారినా అది మీతో వస్తుంది. ఆ తర్వాత హై-హ్యాట్ స్టాండ్. అప్పుడు స్కిన్లు.

స్కిన్లలో కూడా అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. స్నేర్ పై స్కిన్, కిక్‌కి పెడల్ బీటర్ (సుత్తి) తగిలే వైపు స్కిన్, ఈ రెండూ ముందు మార్చండి. రెమో, ఇవాన్స్ లాంటి కంపెనీలవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఒకే పొర స్కిన్ మామూలుగా 10 మిల్, అంటే పావు మిల్లీమీటరు మందం. రెండు పొరలది 7, 7 కలిపి వస్తుంది. గట్టిగా కొట్టే చెయ్యి అయితే రెండు పొరలదే ఎక్కువ కాలం నిలుస్తుంది, పైగా పాత చవక షెల్‌లోని పిచ్చి మోతలని కొంత అణుస్తుంది. స్నేర్ కింది స్కిన్ వేరు, అది 3 మిల్ మందమే ఉంటుంది. ఆర్డర్ పెట్టేటప్పుడు స్నేర్ సైడ్ అని చూసి మరీ పెట్టండి. పైకి వాడేది కింద బిగిస్తే స్నేర్ అడుగున ఆనే తీగలు పలకవు. టామ్‌ల కింది స్కిన్లు చిరగకపోతే పాతవే ఉండనివ్వండి.

తుప్పు వదిలించే పని ఖర్చు లేనిదే, కాకపోతే చేయి నొప్పి పుడుతుంది. రాడ్లు, వాషర్లు ఒక రాత్రి తెల్ల వెనిగర్‌లో నానబెట్టి, పొద్దున్న బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్ళలో ముంచి తీసి, పూర్తిగా ఆరబెట్టి, మర మీద ఒక చుక్క మెషిన్ ఆయిల్ వేయండి. కొబ్బరి నూనె వేయొద్దు, కొన్నాళ్ళకి జిగురుగా మారి దుమ్ము పట్టేస్తుంది. క్రోమ్ రింగుల్ని వెనిగర్‌లో ముంచకండి. అల్యూమినియం ఫాయిల్ ముక్కని తడిపి వాటి మీద రుద్దితే పైపై తుప్పు పోతుంది. పూత లేచిపోయిన చోట ఏం చేసినా మళ్ళీ వస్తుంది, అక్కడ శుభ్రం చేసి పలచగా క్లియర్ లక్కర్ కొట్టి వదిలేయండి. మళ్ళీ క్రోమ్ వేయించడం గురించి ఆలోచించకండి, ఆ ఖర్చుకి ఇంకో పాత కిట్ వస్తుంది. అన్నీ అయ్యాక కారు వ్యాక్స్ పాలిష్ ఒక పూత పూస్తే ఉప్పు గాలి నేరుగా తగలదు.

షెల్ అంచు, అంటే స్కిన్ ఆనే చోటు, దీని మీదే శబ్దం ఆధారపడి ఉంటుంది. స్కిన్ తీసేసి, షెల్‌ని గ్రానైట్ బండ మీదో మందపాటి అద్దం మీదో బోర్లించి, గదిలో లైటు ఆర్పి, లోపల టార్చి పెట్టండి. అంచు కింద నుంచి వెలుగు వస్తే అక్కడ పల్లం ఉన్నట్టు. కొద్దిపాటి పల్లమైతే అదే బండ మీద గరుకు కాగితం అతికించి, షెల్‌ని దాని మీద మెల్లగా గుండ్రంగా తిప్పుతూ సమం చేయొచ్చు. తర్వాత అంచుకి కొవ్వొత్తి మైనం రాస్తే స్కిన్ బాగా జారి కూర్చుంటుంది. పెద్ద దెబ్బ ఉంటే ముట్టుకోవద్దు. అలవాటు లేని వడ్రంగికి ఇచ్చి 45 డిగ్రీల అంచు చెక్కించాలనుకోవడం కూడా పొరపాటే, తలుపు చెక్కే చేతికి ఇది వేరే పని.

చిన్న పనులు ఇంట్లోనే అయిపోతాయి. సింబల్ స్టాండ్ మీద ప్లాస్టిక్ స్లీవ్ పోతే బైకు పెట్రోల్ పైపు ముక్క కోసి తొడగండి, ఇనుప కడ్డీకి తగిలి సింబల్ రంధ్రం అరగకుండా కాపాడుతుంది. బయటి ప్లాస్టిక్ రేకు లేస్తే ఫెవిబాండ్ లాంటి రబ్బరు జిగురు చాలు. స్టాండ్ గొట్టం వంగినా, బిగించే బోల్టు విరిగి లోపల ఉండిపోయినా ఆటోనగర్‌లో ఏ లేత్ షాపువాడైనా చూసిపెడతాడు. పాత కిట్లలో రాడ్ పట్టే లగ్ లోపల స్ప్రింగ్ ఉంటుంది, అది జిలజిలమంటుంటే కొంచెం దూది కూరండి. టైల్స్ నేల మీద కిక్ ముందుకి జారకుండా కింద పాత జంపఖానా పరవండి.

సింబల్స్‌ని చింతపండుతో తోమి తళతళలాడించాలని చాలామందికి ఉబలాటం. తోమితే ఇత్తడి మెరుస్తుంది, నిజమే, శబ్దం మాత్రం పెద్దగా మారదు. ఆ శ్రమ రాడ్ల మీద పెట్టండి. చేతిలో డబ్బు మిగిలితే హై-హ్యాట్ జత ఒక్కటి మంచిది కొనండి, సెకండ్ హ్యాండ్ అయినా సరే. ఎనిమిది శాతం తగరం ఉన్న కంచుది ఇత్తడి కంటే చాలా నయం, ఇరవై శాతం ఉన్నది ఖరీదు ఎక్కువ, పలుకు కూడా గంభీరంగా ఉంటుంది. తర్వాత రైడ్, అంటే తాళం నడిపే పెద్ద సింబల్. ఒక్కసారి గట్టిగా మోగించే క్రాష్ సింబల్ లేకపోయినా ప్రాక్టీస్ ఆగదు.

ఈ దారిలో చెవుల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చు. ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర పావుగంటే. మూసిన గదిలో గంట ప్రాక్టీస్ చేసేవాళ్ళు ఇయర్ ప్లగ్స్ లేకుండా కూర్చోకూడదు.

## రెండో దారి: మెష్ స్కిన్లు, చప్పుడు తక్కువ సింబల్స్

అదే పాత కిట్‌కి జల్లెడలా ఉండే మెష్ స్కిన్లు, సన్నటి రంధ్రాలున్న సింబల్స్ పెట్టుకోవడం. డ్రమ్ముల దూరాలు, ఎత్తులు, పెడల్ అన్నీ మామూలు కిట్‌లాగే ఉంటాయి, చప్పుడు మాత్రం తలుపు వేసుకుంటే హాల్లో టీవీ చూసేవాళ్ళు భరించేంతకి దిగుతుంది. ఆదివారం చర్చిలో వాయించి, మిగతా రోజులు ఇంట్లో సాధన చేసేవాళ్ళకి నేను ఇదే చెప్తాను.

దీనికి షెల్ ఎంత అందంగా ఉందన్నది అనవసరం. అంచు కొంచెం పల్లంగా ఉన్నా మెష్ సర్దుకుపోతుంది, కాబట్టి మొదటి దారిలో వద్దనుకున్న కిట్ కూడా ఇక్కడ పనికొస్తుంది. పేరు చెడిన కిట్‌ని నిజంగా చవగ్గా కొనగలిగేది ఈ దారిలోనే.

కానీ రెండు చిక్కులున్నాయి. మెష్ మీద స్టిక్ మరీ హుషారుగా లేస్తుంది. నెలల తరబడి దాని మీదే రోల్స్ (ఆగకుండా వేగంగా కొట్టే వరసలు) సాధన చేసి, అసలు కిట్ ముందు కూర్చుంటే చెయ్యి బరువెక్కినట్టు అనిపిస్తుంది. అందుకే స్నేర్‌కి మెష్ కాకుండా మామూలు స్కిన్ ఉంచి, దాని మీద చప్పుడు తగ్గించే రబ్బరు మ్యూట్ ప్యాడ్ వేయమంటాను. అది మరీ నిజం కాకపోయినా మెష్ కంటే దగ్గర. రెండోది ఖర్చు. చప్పుడు తక్కువ సింబల్స్ సెట్ పేరున్న కంపెనీది కొంటే, పాత కిట్ మొత్తానికి ఇచ్చిన దానికంటే ఎక్కువ అవుతుంది. నాలుగూ కొనకుండా హై-హ్యాట్, రైడ్ మాత్రమే తీసుకోవచ్చు.

కిక్ అదురు మాత్రం ఇక్కడ కూడా ఉంటుంది. మందపాటి ప్లైవుడ్ షీటు కింద పాత టెన్నిస్ బంతులు వరసగా పెట్టి, దాని మీద కిట్ అమర్చుకుంటే బాగా తగ్గుతుంది. బంతులు కదలకుండా కింద ఇంకో షీటులో గుండ్రటి రంధ్రాలు కోయించాలి. గల్లీ క్రికెట్ ఆడే పిల్లలున్న ఇంట్లో బంతులకి కొదవ ఉండదు.

## మూడో దారి: ట్రిగ్గర్లు పెట్టి ఎలక్ట్రానిక్‌గా మార్చడం

మెష్ స్కిన్ కింద నురుగు ముక్క, దాని కింద పీజో డిస్క్ (దీన్నే ట్రిగ్గర్ అంటారు), అక్కడి నుంచి వైరు మాడ్యూల్ అనే శబ్దాల పెట్టెకి. కొట్టిన అదురుని పీజో కరెంటు సిగ్నల్‌గా మారిస్తే, మాడ్యూల్ దానికి శబ్దం ఇస్తుంది. పీజో డిస్కులు పదుల రూపాయల్లో వస్తాయి. అక్కడిదాకా విని ఇదే అన్నిటికంటే చవక అనుకునేవాళ్ళు చాలామంది. మాడ్యూల్, పెడల్ ఎంత తొక్కామో చెప్పే హై-హ్యాట్ కంట్రోలర్, సింబల్ ప్యాడ్లు కలిపితే లెక్క తారుమారవుతుంది.

సోల్డరింగ్ వచ్చి, ఒక దెబ్బకి రెండు పలుకుతుంటే కూర్చుని సెట్టింగులు సవరించే ఓపిక ఉన్నవాళ్ళకి ఇది బాగుంటుంది. స్నేర్ కొడితే టామ్ పలకడం, మెల్లగా కొడితే అసలు పలకకపోవడం మొదట్లో మామూలే. ఇంజనీరింగ్ పిల్లలు దీన్ని ప్రాజెక్టులా ఎంజాయ్ చేస్తారు. డ్రమ్స్ నేర్చుకోవాలన్నదే మీ ఉద్దేశం అయితే వద్దు. సాధనకి దొరికే సమయం వైర్లకి పోతుంది.

## నాలుగో దారి: పాతది వదిలేసి ఎలక్ట్రానిక్ కిట్

ఋషికొండ వైపు ఐటీ ఉద్యోగం, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరడం, అద్దె ఫ్లాట్. ఇలాంటివాళ్ళు పాత కిట్ బేరం చూసి మనసు పాడుచేసుకోవద్దు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పదకొండింటికి కూడా వాయించుకోవచ్చు, తాళం టిక్ టిక్ అని వినిపించే మెట్రోనోమ్ అందులోనే ఉంటుంది, రికార్డ్ చేసి వినొచ్చు. అద్దె ఇల్లు మారినప్పుడు మడిచి ఆటోలో పడేయొచ్చు. మామూలు కిట్‌కి ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి.

నష్టాలు కూడా ఉన్నాయి. చవక మోడళ్ళలో ప్యాడ్లు చిన్నవి, కిక్ ప్యాడ్ తేలిక, మెల్లగా కొట్టినదానికీ గట్టిగా కొట్టినదానికీ మధ్య తేడా సరిగా పలకదు. నేల అదురు దీనికీ ఉంది, టెన్నిస్ బంతుల చిట్కా దీనికీ కావాలి. మాడ్యూల్ చెడితే వీధి చివర బాగుచేసేవాళ్ళుండరు, కంపెనీ సర్వీసుకి పంపి ఎదురుచూడాలి. ఈ గాలికి జాక్‌లు, సాకెట్లు కూడా మసకబారి కాంటాక్ట్ పోతుంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ప్రతి ప్యాడ్‌నీ మెల్లగా, గట్టిగా కొట్టి, వైరు పట్టుకుని కదిపి, హై-హ్యాట్ పెడల్ సగం తొక్కి చూడండి. ఆ సగం తొక్కినప్పుడు శబ్దం మారకపోతే కంట్రోలర్ పోయినట్టే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | మామూలు రిపేరు | మెష్ స్కిన్లు | ట్రిగ్గర్లు | ఎలక్ట్రానిక్ కిట్ |
|---|---|---|---|---|
| గాలిలో చప్పుడు | చాలా ఎక్కువ | తక్కువ | తక్కువ | అతి తక్కువ |
| నేల అదురు | ఉంది | ఉంది | ఉంది | ఉంది |
| స్టిక్ లేచే తీరు | అసలుది | మరీ హుషారు | మరీ హుషారు | ప్యాడ్‌ని బట్టి |
| కిట్ మీద అదనపు ఖర్చు | కిట్ ధరంత, విడతలుగా పెట్టొచ్చు | కిట్ ధర కంటే ఎక్కువ కావచ్చు | మాడ్యూల్‌ని బట్టి, బాగా ఎక్కువ | ఒకేసారి మొత్తం |
| చేతిపని | చాలా ఉంది | కొంచెం | అన్నిటికంటే ఎక్కువ | దాదాపు లేదు |
| తుప్పు బెడద | ఎక్కువ | ఎక్కువ | ఎక్కువ, వైర్లకీ | తక్కువ, జాక్‌లకి ఉంది |
| ఇక్కడే బాగుచేయించడం | తేలిక | తేలిక | మీరే చేసుకోవాలి | కష్టం |

## ఎవరికి ఏది

పిల్లాడు ఎనిమిదేళ్ళవాడు, యూట్యూబ్‌లో చూసి డ్రమ్స్ కావాలంటున్నాడు అంటే ఏ కిట్టూ వద్దు. ఒక ప్రాక్టీస్ ప్యాడ్, ఒక జత స్టిక్స్ కొనిచ్చి, టీచర్ దగ్గర చేర్చండి. కొన్ని నెలలు గడిచాక ఇంకా అడుగుతుంటే అప్పుడు చూద్దాం. 22 అంగుళాల కిక్ ముందు ఆ వయసువాడి కాలు పెడల్‌కి అందాలంటే స్టూల్ దింపాలి, దింపితే టామ్‌లకి చెయ్యి అందదు.

చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో ఇప్పటికే వాయిస్తున్నవాళ్ళకి ఎలక్ట్రానిక్ కిట్ నేను చెప్పను. పాత కిట్‌లో కిక్, స్నేర్, హై-హ్యాట్, ఒక ఫ్లోర్ టామ్, అంతే బాగుచేసుకోండి. పగలు వీలున్న రోజు మామూలు స్కిన్, లేని రోజు మ్యూట్ ప్యాడ్లు; ఏ రోజూ వీల్లేని ఇల్లయితే రెండో దారిలో చెప్పిన మెష్. నాలుగు ముక్కల కిట్ మీద చేయలేని అభ్యాసం చాలా తక్కువ, చోటు కూడా సగమే పడుతుంది.

ఇంటర్, డిగ్రీ పిల్లలకి చేతిలో డబ్బు తక్కువ, టైమ్ ఎక్కువ. వాళ్ళకి మొదటి దారే సరి. నెలకొక స్కిన్ చొప్పున కొనుక్కుంటూ పోవచ్చు, కిట్ ఊడదీసి కూర్చితే ఏ భాగం ఏం చేస్తుందో దానంతటదే తెలిసిపోతుంది. ఇంట్లో అమ్మమ్మకి మధ్యాహ్నం నిద్ర అవసరమైతే మాత్రం ఆ రెండు గంటలు ప్యాడ్ మీద వాయించాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉండీ మామూలు కిట్టే కావాలనేవాళ్ళు ముందు కింది ఇంటివాళ్ళతో మాట్లాడండి. కిట్ కొన్నాక మాట్లాడితే అది బతిమాలడం అవుతుంది. గ్రౌండ్ ఫ్లోర్ అయితే సగం గొడవ తప్పినట్టే.

## కొన్నాక ఉప్పు గాలి నుంచి కాపాడుకోవడం

కిట్‌ని బాల్కనీలో, మేడ మీద రేకుల గదిలో పెట్టకండి. సముద్రం వైపు కిటికీకి దూరంగా, గోడకి ఆనకుండా పెట్టి, వాయించాక పాత దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ షీటు వద్దు, లోపల చెమ్మ చేరుతుంది. వారానికోసారి స్టాండ్లని తడిపి పిండిన గుడ్డతో ఒకసారి, వెంటనే పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. ఉప్పు పొర తడి గుడ్డకే పోతుంది, ఉత్త పొడి గుడ్డ దాన్ని క్రోమ్ మీద రాపిడి పెడుతుంది. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల ముందు రాడ్లకి మళ్ళీ ఒక చుక్క నూనె వేస్తే చలికాలంలో డ్రమ్ కీ తిరుగుతుంది.

అమ్మాల్సి వస్తే దేనికి డబ్బు తిరిగి వస్తుందో కూడా చూసుకోండి. షెల్ అంచు సమం చేసిన శ్రమకి, కొత్త స్కిన్లకి కొనేవాడు పైసా కట్టడు. మంచి పెడల్, స్టూల్, హై-హ్యాట్ జత, చప్పుడు తక్కువ సింబల్స్, ఇవి విడిగా కూడా అమ్ముడవుతాయి. అందుకే వాటిని కిట్‌తో కలిపి ఇచ్చేయకుండా, పాత ఇత్తడి సింబల్స్‌నీ పాత పెడల్‌నీ దాచి ఉంచి, కిట్ అమ్మే రోజు వాటినే తగిలించి ఇవ్వండి.